జీపు వెనక గుండు

మదనపల్లె నుంచి కుప్పం దాకా ఎక్కడ ఏ బండి బురదలో దిగబడినా బయటికి లాగే జీపు ఒక్కటే ఉంది. అది పుంగనూరు పక్క నారాయణస్వామిది. లారీలు లాగింది, బస్సులు లాగింది, ఒకసారి రోడ్డు రోలర్‌ను కూడా లాగింది. ఈ మాట వాడు చెప్పలేదు, నేను చెప్తున్నాను. కాబట్టి నమ్మండి.

ఆ జీపు వెనక ఒక చదరపు ఇనుప గొట్టం ఉంటుంది. అందులోకి దూర్చిన ఒక ఇనుప నాలుక, అది జారిపోకుండా అడ్డంగా ఒక చీల, నాలుక చివర బత్తాయంత గుండు. టమోటా క్రేట్లు మోసే చిన్న ట్రైలరు తగిలించుకోవడానికి మదనపల్లెలో పెట్టించాడు. గుండు వచ్చింది గానీ ట్రైలరు ఇంతవరకూ రాలేదు. నారాయణస్వామి మాత్రం రోజూ ఆ గుండును గుడ్డతో తుడిచి మురిసిపోయేవాడు. పెళ్లినాడు తన ముఖంలోకి కూడా అంతసేపు చూడలేదని భార్య కృష్ణమ్మ ఫిర్యాదు.

ఒకరోజు ఆమె తేల్చి చెప్పింది.

"ఏమయ్యా, ఆ జీపు షెడ్డులో నిలబడి ఎనిమిది నెల్లాయ. పాలియ్యదు, పేడెయ్యదు. షెడ్డు ఖాళీ సెయ్యి, ఆవును కట్టుకుంటా."

"పేడెయ్యను అదేమన్నా ఆవా?"

"నేనూ అదే అంటాండా. ఆవు కానప్పుడు దానికి షెడ్డు యాల?"

నారాయణస్వామికి ఒళ్లు మండింది. "నా జీపును అంత మాటంటావా!"

"ఆదివారం కుప్పం నుంచి మా తమ్ముడు వస్తాండాడు. ఆలోపల ఒక్క పనికన్నా వచ్చిందా, ఉండనీ. రాలేదా, అమ్మేసెయ్."

పనికి రావాలంటే ఎవరైనా దిగబడాలి. దిగబడాలంటే బురద ఉండాలి. చూస్తే మూడు నెలలుగా చినుకు లేదు. ఈ దేశంలో నిజాయితీగా ఒకరికి సాయం చేద్దామంటే కుదరదు కదా అని వాపోయాడు నారాయణస్వామి.

ఆదివారం తెల్లవారగానే జీపును షెడ్డులోంచి తీసి ఇంటి ముంగిట నిలిపాడు. షెడ్డు రోడ్డు వారన ఉంది. అక్కడి నుంచి ఇంటికి మట్టిదారి. బోరు మోటారు వేసి, టమోటా మళ్లకు పోవాల్సిన పైపును ఆ దారి మీదికి తిప్పాడు. అరగంట చాలనుకున్నాడు. గుండు తుడుస్తూ కూర్చుని రెండు గంటలు మరిచిపోయాడు.

బామ్మర్ది భానుప్రకాశ్ కారు షెడ్డు దాటి వచ్చింది. ముందు చక్రాలు మునిగాయి, తర్వాత నంబరు ప్లేటు మునిగింది, ఆ తర్వాత భానుప్రకాశ్ ముఖంలో నవ్వు మునిగింది.

"బావా! ఇదేం దావ బావా, సెరువు మాదిరి ఉండాది!"

"మీ కుప్పం కార్లింతేప్పా, నీళ్లు సూస్తే కూర్చుండిపోతాయి. నేనుండా, నా జీపుండాది. నువ్వట్లే కూర్చో!"

జీపును వెనక్కి తెచ్చి, కారు ముందు కొక్కేనికి లావుపాటి పట్టీ కట్టి, దాని రెండో కొస గుండుకు తగిలించాడు. కృష్ణమ్మ వచ్చి చూసింది.

"గుండుకా తగిలిస్తావు? అది ట్రైలరు కూర్చోను పెట్టింది. బురదలోంచి గుంజితే ఇరిగి ఎగురుతాది."

"ఇరగను అదేమన్నా నీ వడియమా? ఇనుము!"

"తమ్ముడూ, నువ్వు దిగి దూరంగా రా."

భానుప్రకాశ్‌కు చిన్నప్పటి నుంచీ అక్క మాట వినే అలవాటు. బావ పళ్లు కొరుకుతున్నా దిగి పక్కకొచ్చేశాడు. ఆ అలవాటే వాణ్ని బతికించింది.

మొదట మెల్లగా లాగితే కారు కదలలేదు. నారాయణస్వామికి రోషం వచ్చింది. పట్టీ వదులయ్యేదాకా జీపును వెనక్కి తెచ్చి, ఒక్క ఊపున ముందుకు ఉరికించాడు.

ఠాప్‌మని శబ్దం. జీపు తేలిగ్గా ఉరికి పక్కింటి గడ్డివాములో ముక్కు పెట్టింది. "వచ్చేసిందా?" అని గర్వంగా వెనక్కి తిరిగితే కారు కారున్న చోటే ఉంది, గుండు లేదు. అది విరిగి, కారు మీదుగా ఎగిరి, షెడ్డు రేకుకు గుమ్మడికాయంత బొక్క చేసుకుని లోపలికి పోయింది.

"మోసం! పనికిరాని ఇనుమంటగట్టినారు!"

"గుండేం సేసింది? నువ్వు సేసిందే అంతా," అంది కృష్ణమ్మ.

జీపును మళ్లీ కారు దాకా వెనక్కి తెప్పించి, చీర కుచ్చెళ్లు ఎగదోపి, దాని వెనక చేరి చీల పీకింది. విరిగిన నాలుకను బయటికి లాగి పారేసింది. పట్టీ కొసనున్న కన్నులాంటి ఉచ్చును నేరుగా గొట్టంలోకి దూర్చి, దాని మధ్యగా చీల అడ్డం తోసింది.

"మా నాయన బండికి మోకు కట్టేటప్పుడు నేను సూడలా? బరువు ఎప్పుడూ అడ్డం చీల మీద పడాల. లే, నేను తోల్తా. నువ్వు పొయ్యి కారును ఎనకనుంచి నెట్టు."

"నా జీపు నువ్వు తోలేదేంది?"

"బురదా నీదే గదా. పొయ్యి నెట్టు."

నారాయణస్వామి గబుక్కున పైపు వైపు చూశాడు.

"తెల్లారి పైపు దావకు తిప్పిన మనిషిని కిటికీలోంచి సూడలేదనుకుంటివా?"

"సూసి... యాల ఊరకుంటివి?"

"గడువిచ్చినాను గదయ్యా. నీ కష్టం నువ్వు పడొద్దా?"

భానుప్రకాశ్ నవ్వాపుకుంటూ మళ్లీ కారెక్కి స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. చిన్నప్పుడు కుప్పంలో తండ్రి ట్రాక్టరు తోలిన చెయ్యి కృష్ణమ్మది. కుదుపు లేకుండా మెల్లగా లాగింది. కారు గిన్నెలోంచి సంగటి ముద్ద లేచినట్టు లేచి వచ్చింది. వెనక నెడుతున్న నారాయణస్వామి మాత్రం తాను తయారుచేసిన బురదలో బోర్లా పడ్డాడు.

కళ్లు తుడుచుకుని లేస్తూనే అరిచాడు. "పనికొచ్చిందా లేదా? జీపును ఉండనీమంటివి!"

"ఉండనీ. నేను మాట తప్పను. చెట్టుకింద ఉండనీ. షెడ్డులోకి ఆవొస్తాది. రేకు మార్చేది నువ్వే."

ఆవు వచ్చింది. దాని కోసం జీపు రోజూ చౌడేపల్లె దాకా గడ్డికి పోతోంది. తోలేది కృష్ణమ్మ. గుండు ఊరగాయ జాడీ మూత మీద బరువుగా కూర్చుంది. నారాయణస్వామి ఇప్పటికీ దాన్ని రోజూ తుడుస్తాడు.

లారీలు, బస్సులు, రోడ్డు రోలరు అన్నాను కదా. మొత్తం కలిపి ఒక్క కారు. దాన్ని లాగింది కూడా కృష్ణమ్మే.

తక్కినదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను. కల్పించింది నారాయణస్వామి అన్న పేరొక్కటే. వాడి అసలు పేరు కూడా రాద్దామనే ఉంది గానీ, బయట కృష్ణమ్మ జీపు హారన్ కొడుతోంది. నేను పోయి గడ్డి దించాలి.