రుక్కమ్మ చెల్కలో రన్‌వే

శనివారం పొద్దున ప్రభుదాస్ సారు పెట్టుకున్న పని ఒక్కటే, గడ్డి కోయించడం. సూర్యాపేట శివారులో రుక్కమ్మకున్న బీడు చెల్కలో ఆయన క్లబ్బు వాళ్లు మోడల్ విమానాలు ఎగరేస్తుంటారు. వానలకు రన్‌వే మీద గడ్డి మోకాలెత్తు లేచింది. తెల్లారితే కోదాడ, మిర్యాలగూడ క్లబ్బుల వాళ్లు పోటీకొస్తారు. అసలు భయం అది కాదు. ఈ ఆదివారం దాటితే చెల్క దున్నించి పత్తి పెడతానని రుక్కమ్మ తేల్చేసింది. పోటీ కళ్లారా చూస్తే ఆమె మనసు మారుతుందేమోనని సారు ఆశ. ఇంకో చెల్క ఇచ్చేవాడు లేడు. అడిగిన చోటల్లా, ఇంత వయసొచ్చి బొమ్మలాటేందని నవ్వి పంపారు.

గడ్డి కోసే మిషను మొరాయించింది. సారు రుక్కమ్మ తమ్ముడు ఐలన్నను మంద తోలుకురమ్మన్నాడు. మధ్యాహ్నానికల్లా గొర్రెలు రన్‌వేను గుండు గీసినట్టు మేసి పెట్టాయి. పెంటికలూ వేశాయి. అవి ఊడ్చింది సారే.

ఆ ఊపులో ఆయన టేపు పట్టి కొలిచాడు, అంచుల వెంట సున్నంతో గీతలు గీశాడు, గాలి ఎటు వీస్తుందో తెలియడానికి కర్రకు ఎర్రగుడ్డ కట్టాడు. కొంప అక్కడే మునిగింది. సారు సర్కారు బడి పంతులు. ఏ సర్వే వచ్చినా ఇల్లిల్లూ తిరిగేది పంతుళ్లే. జనం లెక్కకూ ఆయనే, ఓట్ల లెక్కకూ ఆయనే. అలాంటి మనిషి టేపు పట్టుకుని సున్నం గీస్తుంటే, దామరచర్ల దిక్కు రైతుల భూములు తీసుకుని కరెంటు ప్లాంటు లేపడం చూసినవాళ్లకు ఏమనిపిస్తుంది?

"సారూ, ఎవరి భూమి పోతది?" అని ఐలన్న మెల్లగా అడిగాడు.

"ఎవరిదీ పోదు. రేపటి ఆటకే గిదంత."

"సరే తియ్యి. పైవాళ్లు చెప్పొద్దన్నరేమో," అని ఐలన్న అక్కకు ఫోన్ కలిపాడు.

ఆదివారం పొద్దున సారు వచ్చి చూస్తే రన్‌వే మీద మామిడి తోట ఉంది. మొక్కలు జానెడే గానీ వరసలు మాత్రం తీర్చినట్టున్నాయి. తోట ఉన్న భూమికి పరిహారం ఎక్కువొస్తుందని రుక్కమ్మకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మంచం వేసుకుని కాపలా కూర్చుంది. పక్క చెల్కల వాళ్లూ గుంతలు తవ్వుతున్నారు. ఒకాయన ఏకంగా రేకుల షెడ్డుకు గుంజలు పాతుతున్నాడు.

సారు మొత్తుకున్నాడు. ఇది సర్వే కాదన్నాడు, కావాలంటే బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్తానన్నాడు. ఆయన కాదన్నకొద్దీ జనానికి నమ్మకం గట్టిపడింది. ఆఫీసర్లు ముందుగా ఎన్నడన్నా అవునన్నారా అని గుంపులో ఎవరో అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

అప్పుడే కోదాడ క్లబ్బు సాంసన్ కారు దిగాడు. వరసలు చూసి, "రన్‌వే బాగుందండి సార్. కాపు ఎప్పుడొస్తుంది?" అన్నాడు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఉమ మాత్రం, చూపిస్తే గాని ఈ పంచాయితీ తెగదనుకుని, పెట్టెలోంచి పసుపుపచ్చ విమానం తీసి, రెక్కలు బిగించి గాల్లోకి విసిరింది.

తవ్వేవాళ్లు పారలు ఆపి తలలెత్తారు. పక్క బీట్లో మేస్తున్న ఐలన్న గొర్రెలూ ఎత్తాయి. బెదిరి చెదిరిపోతాయనుకున్నారు. అవి బెదరలేదు. ఇదేందో చూద్దామన్నట్టు విమానం వెంట పడ్డాయి. ఉమ రిమోటుతో దాన్ని అటు మళ్లిస్తే అటు, ఇటు మళ్లిస్తే ఇటు. చివరికది రన్‌వే మీదికి తిరిగేసరికి మందంతా అక్కడికే వచ్చింది. కాళ్ల ముందు లేత మామిడాకులు. ఇక ఒక్క గొర్రె కూడా ఆకాశం వైపు చూడలేదు. రుక్కమ్మ కర్ర పట్టుకుని లేచి, తన తాతలు కూడా వాళ్లేనన్న సంగతి మరిచి ఐలన్న తాతముత్తాతలను తిట్టేలోపు తోట ఖతం. రన్‌వే మళ్లీ నున్నగా తేలింది.

విమానం గీతల నడుమ దిగి, జారుకుంటూ వచ్చి రుక్కమ్మ కాళ్ల దగ్గర ఆగింది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది.

"గిదాని కోసమా నీ టేపు, నీ సున్నం?"

"గిదాని కోసమే అక్కా. నిన్నటిసంది అదే చెప్తున్న."

"అయితే సర్వే లేదంటవ్."

"లేదు."

అన్నాక గాని సారుకు తట్టలేదు. సర్వే లేకపోతే రేపు ఇదే రన్‌వే మీద ట్రాక్టరు దిగుతుంది. నిజం చెప్పి గెలిచాడు, చెల్క పోగొట్టుకున్నాడు.

రుక్కమ్మ గుంపును చూసింది, పక్కన లేస్తున్న షెడ్డును చూసింది, మళ్లీ సారును చూసింది.

"పట్నం మేడమును పిలిపించి, బొమ్మ ఆడించి మరీ లేదంటున్నవంటే, వచ్చేది శానా పెద్దదే సారూ. నేనీ చెల్క దున్నను. నువ్వు వారం వారం వచ్చి గీతలు గియ్యి, చెరగనియ్యకు. మొక్కలు ఈసారి అంచులల్ల పెట్టుకుంట."

సారు సరేనని తలూపాడు. విమానం కోసం చెయ్యి చాపితే ఆమె ఇవ్వలేదు. లోపల మనిషి లేకుండా ఎట్లా మళ్లుతుందో ముందు అది చెప్పమంది.

పోటీ సాయంత్రం దాకా నడిచింది. పోయేముందు సాంసన్ సారును పక్కకు పిలిచాడు. కోదాడలో వాళ్ల గ్రౌండు ఆసామి కూడా వరి వేస్తానంటున్నాడట. సున్నం ఏ కొట్లో దొరుకుతుందని అడిగాడు.