పుస్తకంలో లేని దొన

ఒక పెద్ద అడవిలో ఐదు నీటి చోట్లు ఉండేవి, ఒక పుస్తకం ఉండేది. ఎండాకాలం వస్తే నీళ్ళు తగ్గేవి. పుస్తకం మాత్రం ఏ కాలంలోనూ తగ్గేది కాదు.

పుస్తకమంటే టేకాకుల కట్ట. మద్దిచెట్టు కింద నీటి ఆఫీసులో ఉండేది. దాన్ని రాసేవాడు కంటకయ్య అనే ముళ్ళపంది. కలం కోసం అతను ఎక్కడికీ పోనక్కర్లేదు. వీపు మీద నుంచి ఒక ముల్లు పీకి నేరేడు రసంలో ముంచితే చాలు.

ఎవరు ఎక్కడ నీళ్ళు తాగాలో పుస్తకంలో రాసి ఉండాలి, అక్కడే తాగాలి. ఇదీ నిబంధన. ఒక్కో జంతువుకి ఒక్కో వరస. ఆ వరసలో జంతువు పేరు, దాని మంద, తాగే చోటు, ఆ చోటు ఎక్కడుందో, దానికి కావలి ఎవరో, ఏ వేళ తాగాలో అన్నీ ఉండేవి. తుంగమడుగులో తాగేవాళ్ళు రెండు వందల పన్నెండు మంది. అందుకని "తుంగమడుగు, ఏటి వంపు పక్కన, కావలి తాబేలు" అని కంటకయ్య రెండు వందల పన్నెండు సార్లు రాశాడు. ఎందుకిలా అని ఎవరైనా అడిగితే, ఎక్కువసార్లు రాస్తే ఎక్కువ నిజమవుతుందని చెప్పేవాడు.

ఆ అడవిలో చిటికె అనే ముంగిస పిల్ల ఉండేది. దానికి లెక్కలంటే సరదా. నడిస్తే అంగలు లెక్కపెట్టేది, పడుకుంటే చెట్టు మీది కాయలు లెక్కపెట్టేది. ఆ వేసవిలో వాళ్ళమ్మ పాముతో తగువులో కాలు విరగ్గొట్టుకుని కన్నం దాటలేక పడి ఉంది. చిటికే మోదుగాకు దొప్పతో తుంగమడుగు నుంచి నీళ్ళు తెచ్చేది. వెళ్ళడానికి తొమ్మిది వందల నలభై అంగలు. తిరిగి వచ్చేసరికి దొప్పలో సగం మిగిలేది. ఎండలు ముదిరాక పావు మిగిలేది. ఆ పావు తాగి వాళ్ళమ్మ "చాలమ్మా" అనేది. చాలదని చిటికెకి తెలుసు.

వాళ్ళ కన్నానికి నలభై అంగల్లోనే రాతిదొన ఉంది. బండల మధ్య ఊట, ఎంత ఎండకైనా ఇంకదు. తమని తుంగమడుగు నుంచి ఆ దొనకి మార్చమని అడగడానికి చిటికె ఆఫీసుకి వెళ్ళింది.

కంటకయ్య కట్టంతా తిరగేసి, రాతిదొన అనే చోటు అడవిలో లేదన్నాడు. ఉందని, పొద్దున్నే చూసి వచ్చానని చిటికె చెప్పింది. కంటకయ్య కాసేపు వీపు గోక్కుని, అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఆ దొనలో తాగేది ముసలి దుమ్ములగొండి ఒక్కడే. అతను నెల కిందట పక్క అడవికి వెళ్ళిపోయాడు. అతని వరస కొట్టేశారు.

"కొట్టేసింది దుమ్ములగొండిని కదా తాతా. దొనని కాదు కదా?"

"రెండూ ఒకే వరసలో ఉన్నాయమ్మాయ్. ఒక్క గీత గీశాను, ఇద్దరూ పోయారు."

"అయితే మళ్ళీ రాయండి."

"ప్రతి వరసా తాగేవాళ్ళ పేరుతోనే మొదలవ్వాలి. తాగేవాళ్ళు లేని చోటుకి వరస ఎలా వస్తుంది?"

"నేను తాగుతాను కదా, నా పేరుతో మొదలెట్టండి."

"నిన్ను రాయాలంటే చోటు పుస్తకంలో ఉండాలి. పుస్తకంలో లేని చోట తాగితే నేరం," అన్నాడు కంటకయ్య జాలిగా. "పసిదానివి, అలాంటి పనులు చెయ్యకు."

అదే వారంలో తుంగమడుగు కావలి తాబేలుకి పని విసుగొచ్చి కింది ఏటికి వెళ్ళిపోయింది. దాని చోట కొంగని పెట్టారు. కంటకయ్య మూడు రోజులు కూర్చుని రెండు వందల తొమ్మిది వరసల్లో తాబేలుని కొంగగా దిద్దాడు. మూడు దుప్పుల వరసలు కంటికి ఆనలేదు. నీళ్ళకొచ్చిన ఆ దుప్పుల్ని కొంగ ఆపి, మీ కావలి తాబేలని రాసి ఉంది, దాన్నే అడగండని పంపేసింది. దుప్పులు తాబేలుని వెతుక్కుంటూ రెండు రోజులు తిరిగాయి. తాబేలు నడకని దుప్పులు అందుకోలేకపోయాయని కంటకయ్య నివేదిక రాశాడు.

ఈ నివేదిక విన్నాక చిటికె అడవి సభ పెద్ద దగ్గరికి వెళ్ళింది. ఆయన గంభీరయ్య అనే అడవిదున్న. ఏ సంగతి చెప్పినా పూర్తిగా నెమరు వేస్తే గాని జవాబివ్వడు. చిటికె ఆయన ముందు మూడు ఆకులు పరిచింది, ఒక్కో ఆకు ఒక్కో కట్టకి నమూనా. ఒక కట్టలో జంతువులు మాత్రమే. ఇంకో కట్టలో నీటి చోట్లు మాత్రమే, ఒక్కోదానికి ఒక అంకె, దాని కావలి. మూడో కట్టలో ఎవరు ఏ అంకె చోట తాగాలో, ఎప్పుడు తాగాలో. అంతే.

"ఒక సంగతి ఒక్కచోటే రాయాలి పెద్దయ్యా. కావలి మారితే ఒక్క ముక్క దిద్దితే చాలు. దుమ్ములగొండి పోతే దుమ్ములగొండే పోతాడు. దొన ఉంటుంది."

గంభీరయ్య పొద్దున్నుంచి నీడ తిరిగేదాకా నెమరు వేసి, సరే అన్నాడు.

మూడు కట్టలూ తయారయ్యాయి. చోట్ల కట్టలో మొత్తం ఐదే వరసలు. ఐదోది రాతిదొన. ఆ పూట చిటికె వాళ్ళమ్మ రెండు నిండు దొప్పలు తాగి, ఇంకోటి తెమ్మంది. దుప్పులు కూడా తుంగమడుగులో కడుపు నిండా తాగాయి.

నాలుగు రోజులు అడవి హాయిగా ఉంది. ఐదో రోజు కంటకయ్య పని పొద్దెక్కకముందే అయిపోయింది. పన్నెండు వేసవుల్లో అలా జరగడం అదే మొదటిసారి. అతను ఖాళీ చేతుల వంక చూసుకుని బెదిరిపోయాడు. తిన్నగా సభకి వెళ్ళాడు.

పిల్ల చెప్పింది బంగారంలాంటి మాట అన్నాడు. కాకపోతే మనం దాన్ని సగమే చేశామన్నాడు. మూడు కట్టలకే ఇంత సుఖం ఉంటే ఇంకా విడదీస్తే ఎంత సుఖం ఉంటుందని అడిగాడు. కావలివాళ్ళకి వేరే కట్ట. వేళలకి వేరే కట్ట. పొద్దుటి వేళలు, సాయంత్రం వేళలు ఒక్కటి కావు గనుక వాటికి రెండు. తోకలకి ఒకటి, గిట్టలకి ఒకటి. ఇక పేర్లు. పేరు కూడా ఒక సంగతే కాబట్టి అది కూడా ఒక్కచోటే ఉండాలి. మిగతా అన్నిచోట్లా అంకె చాలు. పేర్ల కట్ట భద్రంగా తన కన్నంలోనే ఉంటుంది.

చివరగా, కట్టకొక అధికారి కావాలన్నాడు. సభలో ఏ పదవీ లేకుండా ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళు సరిగ్గా పదహారు మంది ఉన్నారు. ఆ ఒక్క తీర్మానానికి గంభీరయ్య నెమరు వెయ్యలేదు.

అలా పదిహేడు కట్టలు పదిహేడు చెట్ల కిందికి చేరాయి. నక్కకి చోట్ల కట్ట, కోతికి వేళల కట్ట, తోక ఉందో లేదో కనబడని ఎలుగుబంటికి తోకల కట్ట దక్కాయి. చిటికె ఆరు వందల పద్దెనిమిది అయింది.

ఇప్పుడు నీళ్ళు తాగాలంటే ప్రతిరోజూ కొత్త చీటీ కావాలి. కంటకయ్య అంకె ఇస్తాడు. దాన్ని నక్కకి చూపిస్తే చోటు అంకె ఇస్తుంది. దాన్ని కోతికి చూపిస్తే వేళ ఇస్తుంది, చెట్టు దిగితే. ఎలుగుబంటి నిద్ర లేవాలి. మొదటి రోజు చిటికె పదకొండు చెట్లు తిరిగి రెండువేల మూడు వందల అంగలు లెక్కపెట్టేసరికి చీటీ మీద రాసిన వేళ దాటిపోయింది. రెండో రోజూ అంతే. వాళ్ళమ్మ "చాలమ్మా" అనలేదు. చాలదనీ అనలేదు. నోరు తెరిచి పడుకుంది.

చిటికె గంభీరయ్య దగ్గరికి పరుగెత్తింది. ఆయన దవడ ఆపి, "ఇదంతా నీ మాటే కదా అమ్మాయ్," అని మళ్ళీ నెమరు మొదలుపెట్టాడు.

చిటికె మద్దిచెట్టు మొదట్లో కూలబడింది. ఏడుపు వచ్చింది గాని, అలవాటు కొద్దీ లెక్క కూడా వచ్చింది. చీటీ లేకుండా నీళ్ళు తాగినవాణ్ణి పట్టుకోవాలంటే ఏం కావాలి? వాడెవరో ఒక చెట్టు కింద తెలియాలి, ఎక్కడ తాగాడో ఇంకో చెట్టు కింద, ఏ వేళో ఇంకో చెట్టు కింద. పదిహేడు చెట్లు, చెట్టుకి ఒక రోజు. అంకె కలవలేదని ఒక్కొక్కరు ఒక్కసారి వెనక్కి పంపినా ముప్ఫైనాలుగు రోజులు. వానలకి ఇంకా ఇరవైఆరు రోజులే ఉన్నాయి.

మళ్ళీ ఒకసారి వేళ్ళ మీద సరిచూసుకుని, దొప్ప తీసుకుని లేచింది.

నడి మధ్యాహ్నం, అందరూ చూస్తుండగా, నలభై అంగలు వేసి రాతిదొనలో నీళ్ళు ముంచింది. కన్నానికి తీసుకెళ్ళి వాళ్ళమ్మ నోట్లో పోసింది. తిరిగి వచ్చి రెండో దొప్ప ముంచుతుండగా ఆ మూడు దుప్పులూ వచ్చి పక్కన మూతులు పెట్టాయి. లెక్క ఎలా తేలిందో చిటికె వాటికి చెప్పింది. అవి మందకి చెప్పాయి. దొన ముందు వరస కట్టింది అడవి, ఎవరూ పిలవకుండానే.

కంటకయ్య ఆయాసపడుతూ వచ్చాడు. పదిహేడు ఆఫీసులకీ రోజుకో ముల్లు చొప్పున ఇచ్చి ఇచ్చి అతని వీపు ఒక పక్కంతా బోడిగా ఉంది. అతన్ని చూసి ఎవరూ పక్కకి జరగలేదు.

"చీటీ లేకుండా తాగుతున్నావ్. ఎవరు నువ్వు?"

"ఆరు వందల పద్దెనిమిది, తాతా."

"అది అంకె. పేరు చెప్పు, నేరం రాయాలి."

"పేరు ఒక్కచోటే ఉండాలి కదా. మీ కన్నంలో ఉంది."

కంటకయ్యకి ఆ పిల్ల పేరు తెలుసు. వాళ్ళమ్మ పేరు కూడా తెలుసు. కానీ కట్టలో చూడకుండా పేరు రాయకూడదని నిబంధన పెట్టింది తనే. చూసి వస్తానని తన కన్నానికి బయల్దేరాడు. అతను తిరిగి వచ్చేసరికి నాలుగు వందల మంది తాగి వెళ్ళారు.

ఇరవైఆరో రోజున వాన వచ్చినప్పుడు చిటికె కేసు తొమ్మిదో చెట్టు కింద, అంకె కలవక ఆగి ఉంది. టేకాకుల మీద నేరేడు రసం కరిగి పదిహేడు కట్టలూ ఒకే ఊదారంగయ్యాయి. చిటికె వాళ్ళమ్మ కుంటుకుంటూ కన్నం బయటికి వచ్చి తడిసింది. ఇక ఏం చెయ్యమంటారని సభ గంభీరయ్యని అడిగింది. ఆయన ఇంకా నెమరు వేస్తున్నాడు.

నీతి: దప్పిక తీరాలంటే ఆఫీసు మూడు కట్టలంత చిన్నదైనా ఉండాలి, ఎవరినీ పట్టుకోలేనంత పెద్దదైనా ఉండాలి.