మా మైక్రోస్కోపు రాకపోవడం వల్ల కలిగిన లాభాలు

యూనివర్సిటీ టీచరు అడిగింది ఏదీ ఇవ్వకూడదు. ఇచ్చారంటే పాడైపోతాడు! గోదావరిఖనిలో ఒక యూనివర్సిటీ కాలేజీలో పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద జియాలజీ చెబుతున్నవాణ్ణి, స్వానుభవంతో అంటున్నాను.

చేరిన ఏడాదే మైక్రోస్కోపు అడిగాను. బొగ్గును పల్చగా కోసి దాని కింద పెడితే కోట్ల ఏళ్ల నాటి చెట్ల ఆనవాళ్లు కనిపిస్తాయి. అది రాలేదు. ఎంత మేలు జరిగిందో చూడండి! వాటిని నేనే సుద్దముక్కతో బోర్డు మీద గీస్తున్నాను. మొదట్లో నేను గీసిన ఆకు ఆకులాగే ఉండేది. ఇప్పుడు నడుంనొప్పి ఉన్న రోజున చేపలా వస్తోంది. పిల్లలు దాన్నీ నోట్సులో దించుకుంటున్నారు. మైక్రోస్కోపు ఉంటే ఇంత సృజన ఎక్కడిది?

కుర్చీలూ అడిగాం. స్టాఫ్ రూములో ఐదుగురికి మూడే ఉన్నాయి. దాంతో మాకు క్రమశిక్షణ అబ్బింది. బొగ్గుబాయి పద్ధతిలో ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు అని కూర్చుంటున్నాం. బోటనీ శోభ మేడమ్ లేస్తూ, "కూసో అన్నా, పావుగంటల నీ రిలీవర్ వస్తడు" అంటారు.

ఇక పర్మనెంటు సంగతి. వచ్చే ఏడాది చూద్దామని ఏటా చెబుతారు. వచ్చే ఏడాది దాకా మేముంటామని ఇంత గట్టిగా ఏ డాక్టరు చెప్పగలడు? బీపీ మాత్రలు మింగేవాడికి ఇంతకంటే ధైర్యం ఏం కావాలి!

పుస్తకాల మాట అంటారా? బొగ్గు ఎలా పుట్టిందో గని కార్మికులకు అర్థమయ్యేలా ఒకటి మొదలుపెట్టాను. మూడో అధ్యాయం దగ్గర ఆగింది. ఆగితేనేం? ఆ భాషంతా దరఖాస్తుల్లోకి మళ్లింది. మొన్న పన్నెండోసారి పెట్టిన మైక్రోస్కోపు ఇండెంటు చదివి, ఆఫీసు సెక్షన్‌లో పనిచేసే ఉపేందర్ కళ్లు తుడుచుకున్నాడు. "గింత మంచిగ ఎట్ల రాస్తరు సార్" అని మురిసిపోయి, జాగ్రత్తగా ఫైల్లో పెట్టాడు.

ఈ సుఖాలన్నీ మా నాన్నకు, అదే మా బాపుకు, ఏకరువు పెట్టాను. ఆయన పేరు లింగమూర్తి, ముప్పై ఏళ్లు బాయిలో బొగ్గు తవ్వాడు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలని ఆయనకు ఒకటే ఆశ. నిజానికి ఆ పుస్తకం ఆయన కోసమే. చూపు తగ్గింది కాబట్టి, పూర్తయ్యాక నేనే చదివి వినిపించాలి. ఇప్పుడు ఆయనకు ఎనభై దగ్గరపడుతున్నాయి.

బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత అడిగాడు:

"బిడ్డా, మాకు చాతకాకుంటే మెడికల్ బోర్డుకు పోతుంటిమి. ఆళ్లు అన్‌ఫిట్ అని రాస్తే ఇంటికొస్తుంటిమి. మీ తాన గసొంటిది ఉన్నదా?"

లేదన్నాను.

"మరి అన్‌ఫిట్ అయినోళ్లు ఏం జేస్తరు?"

"క్లాసుకు పోతరు బాపు" అన్నాను. నవ్వుతూ చెబుదామనుకున్నాను, నవ్వు రాలేదు.