నీలం పైపు సంచీ

ఆదివారం పొద్దున్న పది గంటల బస్సుకి అమలాపురం వెళ్ళడం, ఒక సంచీ కొనుక్కోవడం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చెయ్యడం. నాగసతీష్ వేసుకున్న పథకం అంతే. కొత్తపేట దగ్గర కొబ్బరిపీచు కంపెనీలో గుమస్తా అతను. నలభై మూడేళ్ళ వయసులో మొదటిసారి కొండెక్కాలని బుద్ధి పుట్టింది. ఐటీఐలో తనతో చదువుకున్న నలుగురు డిసెంబరు రెండో శనివారం మారేడుమిల్లి దగ్గర ఒక కొండ ఎక్కుదామనుకుని ఇతన్నీ రమ్మన్నారు. కోనసీమలో పుట్టి పెరిగినవాడికి ఏటిగట్టును మించిన ఎత్తు తెలియదు. అందుకే అందరికన్నా సరదా ఇతనికే ఎక్కువగా ఉంది.

భార్య విజయదుర్గ అడ్డు చెప్పలేదు గానీ, ఒక షరతు పెట్టింది.

"కొండ ఒక్కసారి ఎక్కుతారు. డ్యూటీకి రోజూ ఎల్తారు. రెండిటికీ పనికొచ్చేదే కొనండి. రెండు వేలు దాటకూడదు."

"మిలిటరీవాళ్ళ సంచీల్లాంటివి వస్తున్నాయంట. గట్టిగా ఉంటాయంట."

"నేనూ వస్తాను. కుట్టు నేను చూస్తాను."

ఆవిడ ఇంటి దగ్గర జాకెట్లు కుడుతుంది. కుట్టు విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు. కొట్లో మొదట చూపించిన సంచీ నాలుగున్నర వేలు. ధర విన్నాక ఇద్దరూ దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. రెండోది ఎనిమిది వందల యాభై. ఆకుపచ్చ మచ్చలతో చూడ్డానికి జోరుగా ఉంది. విజయదుర్గ జిప్పు మూడుసార్లు లాగింది. మూడోసారికి జిప్పు చేతిలోకి వచ్చేసింది. మూడోది మట్టిరంగుది, ఒళ్ళంతా పట్టీలు, వాన తగలకుండా పైన తొడుగు, పదిహేడు వందల యాభై. ఆవిడ దాన్ని తిరగేసి, లోపల చెయ్యిపెట్టి అంచులన్నీ తడిమి, వెంట తెచ్చిన టిఫిను క్యారియరు అందులో నిలబెట్టి చూసింది.

"భుజాల దగ్గర రెండేసి కుట్లేసేరు. ఇది తీసుకోండి."

దాంతోపాటు కొట్టువాడు నీళ్ళు పోసుకునే రబ్బరు తిత్తి ఒకటి ఊరికే ఇచ్చాడు. "ఇది వీపు వైపు అరలో పెట్టుకోవాలండి. ఈ నీలం పైపు భుజం మీంచి నోటి దగ్గరికి వస్తాదండి. నడుస్తానే తాగొచ్చు." ఊరికే వచ్చేదాన్ని వద్దనడం ఎందుకని నాగసతీష్ పట్టుకొచ్చాడు.

సోమవారం తెల్లవారుతూనే సాధన మొదలుపెట్టాడు. కొండ మీద ఎనిమిది కిలోల సామాను మొయ్యాలని మిత్రులు చెప్పి ఉన్నారు కాబట్టి సంచీలో పన్నెండు వలిచిన కొబ్బరికాయలు పెట్టుకుని, తిత్తి నిండా నీళ్ళు పోసుకుని, ఏటిగట్టు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. ఐదోసారికి చొక్కా తడిసిపోయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఒక చేత్తో మోకాలు పట్టుకుని, నోట్లో పైపు పెట్టుకుని, గట్టు మీద వంగి నిలబడ్డాడు. అప్పుడే కిరాయికి వెళ్తున్న ఆ ఊరి ఆటో డ్రైవరు ఏసుదాసు ఆటో ఆపి పరుగున వచ్చాడు.

"ఏటండీ సతీష్ గారూ, ఇలాగైపోయేరు? ఈ పైపేంటండి?"

నాగసతీష్ పైపు తీసి, రెండుసార్లు ఊపిరి పీల్చి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "ఆయాసం వచ్చేస్తుందండి. ఇదుంది కాబట్టి ఈమాత్రం నడుస్తున్నాను."

"ఎన్నాళ్ళండి ఇలాగ?"

"ఎన్నాళ్ళో లేదండి, పన్నెండు రోజులే. పై శనివారం కొండెక్కెయ్యడమే."

దీపం ఆరిపోయిందనడానికి నోరు రాక కొండెక్కిందనే ఊళ్ళో పుట్టినవాడు ఏసుదాసు. పైగా ఆ మాట చెబుతున్నప్పుడు ఆ మనిషి నవ్వాడు కూడా. ఏసుదాసుకి కళ్ళు చెమర్చాయి. "ధైర్యంగా ఉండండి. ఆదివారం చర్చిలో మీ పేరున ప్రార్థన పెట్టిస్తాను," అని ఆటో ఎక్కాడు. కొండెక్కడానికి ప్రార్థన దేనికో నాగసతీష్‌కి అర్థం కాలేదు. మంచి మనిషి అనుకున్నాడు.

తొమ్మిదిన్నరకి అదే సంచీతో కంపెనీకి వెళ్ళేసరికి, అప్పటికే కబురు అందిన యజమాని సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు గుమ్మం దాకా ఎదురొచ్చారు. అంతకు రెండు రోజుల ముందు, కొండకి వెళ్తాను సెలవు కావాలంటే, లోడు ఉంది కుదరదన్న మనిషి ఆయన. ఇప్పుడు తన కుర్చీ పక్కన కుర్చీ వేయించారు.

"సెలవు అడిగితే లేదన్నాను. మనిషి ఏ కష్టంలో ఉన్నాడో కనుక్కోలేదు. పదిహేను రోజులు ఇంటి దగ్గరుండండి. జీతం ఎక్కడికీ పోదు."

"కష్టమేం లేదండి. ఎవరేం చెప్పేరో గానీ, ఇవి ఉత్త నీళ్ళండి."

"నీళ్ళా?" ఆయన గొంతు తగ్గించారు. "ఎంత ఉన్నాయి?"

"రెండు లీటర్లండి."

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు నీలం పైపు వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. ఆయన మేనమామకి ఊపిరితిత్తుల్లో నీరు పడితే లీటరున్నర తీశారు. అయినా ఆ మేనమామ దక్కలేదు. "మీరింకేం మాట్లాడకండి. ఆయాసం వస్తుంది," అని తన కారులోనే ఇంటికి పంపించారు. ఆయన ఇల్లాలు వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు తిరుగుతానని ఆ పూటే మొక్కుకుంది.

సాయంత్రానికి వీధి అరుగు మీద కొబ్బరిబొండాలు, బత్తాయిలు, రెండు హార్లిక్సు సీసాలు చేరాయి. విజయదుర్గ వచ్చినవాళ్ళందరికీ ఓపిగ్గా చెప్పింది, ఆయనకేమీ లేదని, కొండెక్కడానికి సాధన చేస్తున్నారని. ఆడవాళ్ళు ఆవిడ తల నిమిరి, గుండె రాయి చేసుకుందని చెప్పుకున్నారు. ఆఖరికి ఆవిడ తిత్తి తెచ్చి, పైపు నొక్కి, గ్లాసులోకి నీళ్ళు పట్టి చూపించింది. ముందున్న ఇద్దరు చెంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగారు. నాగసతీష్ మర్నాడు కంపెనీకి వెళ్తే, వాచ్‌మన్ గేటు దగ్గరే చేతులు జోడించి వెనక్కి పంపేశాడు.

మంగళవారం సాయంత్రం పక్కింటి సత్యం వచ్చాడు.

ఆరేళ్ళ కిందట సత్యం కొబ్బరిచెట్టు మీది కాయ నాగసతీష్ కొత్త మోటారు సైకిలు మీద పడి ట్యాంకు సొట్టపోయింది. మాటా మాటా పెరిగింది. అంతకుముందు ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా ఉన్నవాళ్ళు, ఆ తరవాత ఒకరు వీధిలోకి వస్తే రెండోవాళ్ళు లోపలికి వెళ్ళేవారు. అలాంటి మనిషి గుమ్మంలో నిలబడేసరికి విజయదుర్గ గబగబా కుర్చీ తెచ్చి వేసింది.

"చెట్టు నాది, కాయ నాది. తప్పు నాదే తమ్ముడూ," అన్నాడు సత్యం కుర్చీలో కూర్చుంటూనే. "ఆ రోజు ఆ మాట అనడానికి నోరు రాలేదు."

తనకేమీ లేదని వీధంతా చెప్పిన నాగసతీష్, ఆ ఒక్క మనిషికి చెప్పలేకపోయాడు. చెబితే లేచి వెళ్ళిపోతాడేమో. బుధవారం సత్యం మళ్ళీ వచ్చి, పాత సంగతులు చెప్పుకుని ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజు నాగసతీష్ సాధన మానేసి, సంచీ మంచం కిందకి తోశాడు. ఆరోగ్యంగా కనబడ్డానికి భయం వేసింది.

"ఎన్నాళ్ళు దాస్తారండీ?" అంది విజయదుర్గ. "మీకేం కాకపోతే ఆయనే అడుగుతారు గదా."

గురువారం సాయంత్రం కాలవ రేవు మెట్ల మీద కూర్చున్నప్పుడు ఇంక ఉండలేకపోయాడు. "అన్నయ్యా, నాకు జబ్బేం లేదు. అది మంచినీళ్ళ సంచీ. నేను చెప్తానే ఉన్నాను, ఎవరూ నమ్మట్లేదు. నీకు మాత్రం చెప్పలేదు. తప్పే."

సత్యం కాలవలోకి చూస్తూ కూర్చున్నాడు. "నాకు తెల్సు," అన్నాడు.

"ఎప్పుడు తెల్సింది?"

"సోమవారం పొద్దున్నే. మస్కట్‌లో పన్నెండేళ్ళు ఎడారిలో రోడ్లేసేను. అక్కడ ఒక్కొక్కడి వీపు మీదా అలాంటిదే. నువ్వు గట్టు మీద ఆగితే మా డాబా మీంచి చూసి, దాహమేసిందనుకున్నాను."

"మరి వచ్చి తప్పు నాదేనన్నావేంటి?"

"ఆరేళ్ళ నుంచీ మీ గుమ్మం ఎక్కడానికి సాకు దొరకలేదురా. ఊరంతా వస్తన్నారు కదా, ఆ గుంపులో నేనూ వచ్చేసేను."

రేవులో ఒక గుర్రపుడెక్క దుబ్బు మెల్లగా సాగిపోయింది.

"ఎంతకి కొన్నావు?" అన్నాడు సత్యం.

"పదిహేడు వందల యాభై."

"కుట్టు గట్టిదేనా?"

"మీ మరదలు చూసింది."

"అయితే ఇంక చూడక్కర్లేదు. మీ కొండ మీద ఇంకో మనిషికి చోటుందా?"

శుక్రవారం సత్యం అమలాపురం వెళ్ళి అదే కొట్లో అలాంటిదే ఇంకొకటి తెచ్చుకున్నాడు. శనివారం తెల్లవారుతూనే ఇద్దరూ చెరో డజను కాయలు వీపున వేసుకుని, చెరో నీలం పైపూ నోట్లో పెట్టుకుని, రొప్పుతూ పక్కపక్కనే ఏటిగట్టు ఎక్కారు.

మధ్యాహ్నానికి వీధిలో సగంమంది మూతులకి మాస్కులు కట్టుకుని తిరుగుతున్నారు.