ఒక బుర్రకు ఒకే భాష

పరిశోధకులే లేకపోతే మన పిల్లల గతి ఏమయ్యేదో తలుచుకుంటే భయం వేస్తుంది. వాళ్లు చేస్తున్న ఉపకారం వాకాడు బడి అయ్యవారు పద్మనాభయ్యగారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

1959లో ఆయన నెల్లూరులో ఉపాధ్యాయుల ట్రెయినింగుకు వెళ్లారు. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలు మందబుద్ధులవుతారని అక్కడొక పెద్దమనిషి లెక్చరిచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే ఘోరం కళ్లముందే జరుగుతోంది. అయిదేళ్ల కూతురు జయశీల అమ్మమ్మ ఒళ్లో కూర్చుని అరవంలో కథ వింటోంది. అత్తగారు కామాక్షమ్మది పులికాట్ సరస్సు అవతల అరవదేశపు ఊరు. ఆమెకు తెలుగు ముక్క రాదు.

"ఇయ్యాల్టి నుంచి పిల్లతో అరవం మాట్లాడొద్దని మీ అమ్మకు చెప్పు," అన్నారు భార్యతో.

"మా అమ్మకు ఇంకోటి రాదు కదా."

"అయితే అసలు మాట్లాడొద్దు. అరవై దాటినాక కొత్త భాష రాదని గూడా చెప్పినారు."

సైన్సుకు ఎదురు చెప్పేదెవరు? కామాక్షమ్మ నోరు మూసుకుంది. పిల్లను అన్నానికి పిలవాలంటే కంచం మీద గరిటెతో కొట్టేది. జయశీలకు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసి కూర్చుంది గాని, పెదవి విప్పలేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందోనని అయ్యవారు మురిసిపోయారు.

అయిదేళ్లకు మళ్లీ ట్రెయినింగు. మళ్లీ అదే పెద్దమనిషి. రెండు భాషలొచ్చిన పిల్లలే చురుకైనవాళ్లని విదేశాల్లో తేలిందన్నాడు. మరి వెనక చెప్పినదాని సంగతేమిటని ఎవరో అడిగితే, అది పాత పరిశోధన అన్నాడు.

అయ్యవారు బస్సు దిగి పరుగున ఇంటికొచ్చారు. "పాపకు వెంటనే అరవం నేర్పమని మీ అమ్మకు చెప్పు," అన్నారు ఆయాసపడుతూ.

భార్య నోరు తెరిచేలోపే, ఆకుకూర తుంచుతున్న కామాక్షమ్మ తలెత్తింది.

"నేర్పేదేముంది అల్లుడుగారూ, దానికి వచ్చు. జొరంలో బిడ్డను ఓదార్చలేక ఏడ్చినా. లేచి తిరిగినాక అదే నాకు తెలుగు చెప్పింది. మీరు బడికి పోయినాక దొడ్లో కూర్చుని ఇద్దరం రెండూ మాట్లాడుకుంటా ఉండాం."

జయశీల తండ్రి ముఖం చూసి అరవంలో ఏదో అంది. తల్లీ అమ్మమ్మా పకపకా నవ్వారు.

"ఏమంటా ఉంది?" అన్నారాయన దిగులుగా.

"మీకెందుకులెండి," అంది కామాక్షమ్మ ఎంతో దయగా. "మీకు నలభై దాటినాయి. ఇప్పుడు నేర్చుకుంటే బుర్ర చెడిపోతాది."