కుర్చీలు కూడా ప్లాస్టిక్కే

ఆ ఆదివారం పొద్దున టైలరమ్మ అనుకున్నది ఒక్కటే. మున్సిపల్ ఆఫీసరుగారు వస్తారు. అపార్ట్‌మెంటు వెనక షెడ్డులో ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి చెత్త వేరుచేసే తీరు, కూరగాయల తొక్కలతో ఎరువు తయారుచేసే గుంత ఆయనకు చూపించాలి. షెడ్డును కదపవద్దని ఆయన నోటితోనే అనిపించాలి. ఎందుకంటే సెక్రటరీగారి కన్ను ఆ షెడ్డు మీద పడింది. ఆయన కొత్త కారుకు నీడ కావాలట.

కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టి, ఏర్పాట్లు చూద్దామని హాల్లోకి వెళ్ళి ఆవిడ కొయ్యబారిపోయింది. గోడ పొడుగునా "ప్లాస్టిక్‌ను తరిమికొడదాం" అని ప్లాస్టిక్ ఫ్లెక్సీ. అందులో సెక్రటరీగారి నవ్వు. బల్ల నిండా ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు. ప్లాస్టిక్ కాగితం చుట్టిన పూలగుత్తులు.

"ఇదేంటండీ?"

"పర్యావరణ సభ!" అన్నారు సెక్రటరీగారు. "షెడ్డు కనబడకుండా టార్పాలిన్ కట్టించాను. ఆఫీసరుగారికి కుళ్ళిన తొక్కలు చూపిస్తే మన పరువేం కాను? మీరూ పిల్లలూ వెనక వరసల్లో కూర్చుని చప్పట్లు కొట్టండి, చాలు."

"ఇన్నాళ్ళూ మీ ఇళ్ళ చెత్తంతా చేతులతో ఏరింది మేమూ, మైకు మీకా?"

"చేసేవాళ్ళు చేస్తారు, చెప్పేవాళ్ళు చెబుతారమ్మా. అందరూ మాట్లాడితే వినేదెవరు?"

టైలరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చి మిషను మీద విరుచుకుపడింది. "సొమ్మొకరిది, సోకొకరిది! ఆ హాల్లో ఉన్న ప్లాస్టిక్ అంతా ఈడ్చుకెళ్ళి షెడ్డులో పడేస్తే గానీ నా కడుపుమంట చల్లారదు!"

మూడో తరగతి చదివే కూతురు పక్కగదిలోంచి ఈ మాట వింది. షెడ్డులో పిల్లల దండుకు అదే నాయకురాలు. నిమిషంలో దండును మెట్ల దగ్గర పోగుచేసింది.

"మా అమ్మకి కడుపులో మంట. హాల్లో ప్లాస్టిక్ షెడ్డులో వేస్తేనే తగ్గుతుందట!"

పాపం, టైలరమ్మ అంటే ఆ పిల్లలకు ప్రాణం. సెక్రటరీగారు గేటు దగ్గర ఆఫీసరుగారి కోసం మెడ చాచి చూస్తుండగా దండు హాల్లో దిగింది. సీసాల్లో నీళ్ళు మొక్కలకు పోశారు. పూలగుత్తులకు బట్టలు విప్పినట్టు కాగితాలు విప్పారు. ఫ్లెక్సీని నవ్వుతో సహా మడిచారు.

"మరి ఈ కుర్చీలు?" అన్నాడు ఒకడు.

నాయకురాలు ఒక కుర్చీని వేలితో తట్టి చూసింది. "ఇవి కూడా ప్లాస్టిక్కే. పట్టండి!"

కుర్చీలు నెత్తిన పెట్టుకుని చీమల బారులా పోతున్న పిల్లలను సెక్రటరీగారి భార్య బాల్కనీలోంచి చూసింది. "ఓహో, సభ షెడ్డు దగ్గరికి మార్చినట్టున్నారు. మా ఆయన నాకొక్క మాటైనా చెప్పరు!" అని రుసరుసలాడుతూ ఇంటింటి తలుపూ తట్టింది. ఆడవాళ్ళంతా షెడ్డు దారి పట్టారు. వాళ్ళు వెళ్ళేసరికి పిల్లలు టార్పాలిన్ కూడా పీకేశారు. అదీ ప్లాస్టిక్కే కదా.

"దయచేయండి సార్!" అంటూ సెక్రటరీగారు హాలు తలుపు తెరిచారు. లోపల నాలుగు గోడలు, ఒక బల్ల, బోసిపోయిన పూలు.

"దొంగలు! పట్టపగలు దొంగలు పడ్డారు!"

వెనకవైపు నుంచి గోల వినిపించింది. ఆయన పరుగెత్తారు. ఆఫీసరుగారూ వెంట నడిచారు. అక్కడ కుర్చీలన్నీ రంగుల వారీగా బారులు తీరి ఉన్నాయి. వాటిలో ఆడవాళ్ళు దర్జాగా కూర్చుని ఉన్నారు. నాయకురాలు ఆఫీసరుగారి చెయ్యి పట్టుకుని గుంత చూపించి, తొక్కలు ఎరువెలా అవుతాయో గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. చివర్లో ఆయన జేబు వైపు చూసి, "మీ పెన్ను కూడా ప్లాస్టిక్కే అంకుల్" అంది.

ఆఫీసరుగారు పకపకా నవ్వారు. "సభను ఏకంగా చెత్త దగ్గరికే తెచ్చారే! ఎవరిదీ ఆలోచన?"

సెక్రటరీగారు చొక్కా సర్దుకుని ముందుకొచ్చారు. "నాదే సార్."

టైలరమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. నాలుక చివరిదాకా వచ్చిన మాట అనబోతుంటే సెక్రటరీగారి భార్య ఆవిడ చెయ్యి నొక్కి లేచి నిలబడింది.

"అవును సార్, అంతా మా ఆయనదే. ఇకనుంచి ఎరువు తిరగేసే పని మగవాళ్ళు వంతులేసుకుని చేస్తారని, మొదటి వంతు తనదేనని కూడా ఆయనే అన్నారు!"

"నేనా? ఎప్పుడు..."

"శభాష్!" ఆఫీసరుగారు ఆయన భుజం తట్టారు. "ఈ షెడ్డు ఇక్కడినుంచి కదలడానికి వీల్లేదు. ఏదీ, మొదలుపెట్టండి. ఫోటో తీసి అన్ని కాలనీలకీ పంపిస్తాను."

టైలరమ్మ ఎంతో మర్యాదగా పార తెచ్చి సెక్రటరీగారికి అందించింది.

పార పట్టడానికి రెండు చేతులూ కావాలని, ముక్కు మూసుకోవడానికి మూడోది ఉండదని ఆయనకు అప్పుడే తెలిసింది.