మెట్ల కింద గంట

బేకరీ యజమానిని వీధంతా గట్టిపిండం అంటుంది. ఆయన చేతి నుంచి చిల్లర రాలడం అంత కష్టం.

అలాంటి మనిషికి ఓ ఇత్తడి ఫలకం మీద మోజు పుట్టింది. వికలాంగులు ఇబ్బంది లేకుండా వచ్చిపోయే షాపులకు ఊరి కమిటీవాళ్లు "అందరికీ స్వాగతం" అని రాసిన ఫలకం ఇస్తున్నారు. ఎదురుగా ఉన్న కళ్లజోళ్ల షాపుకు అప్పుడే వచ్చేసింది. పొద్దున్నే అది ఎండకు తళుక్కుమంటుంటే ఈయన కడుపు మండిపోతోంది.

"మెట్ల మీదుగా వాలుదారి వేయించండి, వస్తుంది," అంది భార్య.

"ఎవరు వేయిస్తారు, మీ నాన్నా?"

"మా నాన్న కొనిచ్చిన పొయ్యిలోనే కదండీ మీ బ్రెడ్డు పొంగుతోంది!"

ఆయన ఆ మాట వినబడనట్టు నటించి, ఇంటి కాలింగ్ బెల్ పీకి తెచ్చి షాపు మెట్ల కింద బిగించాడు. పక్కన బోర్డు: "ఎక్కలేనివారు గంట నొక్కండి. మేమే దిగివస్తాం."

"చూశావా నా బుర్ర!"

"చూశాను. దిగేదెవరు?"

"నేనే. ఎప్పుడో ఎవరో ఒకరొస్తారు. అరిగిపోతానా ఏంటి?"

భార్య నవ్వుకుంటూ వీధిలోకి వెళ్లింది. ఆయన అప్పుడే భయపడాల్సింది.

మర్నాడు షట్టర్ పూర్తిగా లేవకముందే గంట మోగింది. మోకాళ్ల నొప్పుల తాతగారికి ఒక్క బన్ను కావాలట. ఆయన వెనకే చంకలో పిల్లాడితో ఓ తల్లి. ఆమె వెనక స్కూటర్ మీద పోస్ట్‌మాన్.

"నీ కాళ్లకేమైందయ్యా?"

"ఏం కాలేదండీ, హెల్మెట్ తీయాలంటే చిరాకు. గంట కొడితే చాలు, మా ఆయన రెక్కలు కట్టుకుని వాలతారని మీ ఆవిడే చెప్పారు."

గట్టిపిండం రొప్పుకుంటూ పైకెక్కాడు. "వీధంతా టముకు వేశావా?"

"ఫలకం కావాలంటే పదిమందికీ తెలియాలి కదండీ!"

మళ్లీ గంట. ఈసారి కళ్లజోళ్ల షాపాయన. "ఏం లేదు బావగారూ, పనిచేస్తోందో లేదో చూద్దామని."

మధ్యాహ్నానికి గట్టిపిండం పిండిముద్దలా బస్తా మీద కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే చక్రాల కుర్చీలో కమిటీ మేడమ్ వచ్చి గంట నొక్కింది. లేవబోతే మోకాళ్లు ససేమిరా అన్నాయి.

"ఏమయ్యా, దిగివస్తామని రాశారుగా?"

"మెట్లు దిగలేకపోతున్నానమ్మా!"

"అయితే పైన కూడా ఓ గంట పెట్టించుకోండి. ఎవరైనా వచ్చి దింపుతారు."

వీధిలోవాళ్లు పడీపడీ నవ్వారు. భార్య చప్పట్లు కొట్టగానే వడ్రంగి, వాడి బావమరిది ఓ పొడవాటి చెక్క వాలుదారి మోసుకొచ్చి మెట్ల మీద పరిచారు.

"ఇదెప్పుడు చేయించావే?"

"నిన్న మీరు గంట బిగిస్తున్నప్పుడే వడ్రంగికి చెప్పాను."

మేడమ్ ఎవరి సాయమూ లేకుండా పైకొచ్చి, అద్దాల బీరువా ముందు చాలాసేపు ఆగింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇన్నేళ్లూ రోడ్డు మీద నుంచి అరిస్తే మీరు సంచిలో పడేసిందే తిన్నాను, మాడినవాటితో సహా. ఇవాళ నా బ్రెడ్డు నేనే ఏరుకుంటున్నాను."

గట్టిపిండానికి నిజంగానే సిగ్గేసింది. మేడమ్ ఫలకాన్ని ఆయనకు కాకుండా భార్య చేతికిచ్చింది.

సాయంత్రం ఆయన్ని పిండిబస్తాల బండి మీద కూర్చోబెట్టి, ఆ వాలుదారి మీదుగా దింపి, ఇంటిదాకా భార్యే తోసుకెళ్లింది. ఇంటి ముందూ మెట్లే. ఆవిడ ఫలకం చంకలో పెట్టుకుని చకచకా ఎక్కేసి, గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగింది.

"ఎక్కలేకపోతే గంట నొక్కండి. నేనే దిగివస్తాను."

ఆయన ఆశగా గోడ తడిమాడు. గంట ఉండాల్సిన చోట రెండు వైర్లు వేలాడుతున్నాయి.